రిటైరయ్యాక సాగిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నన్ను మన మాష్టార్ల గురించి మాట్లాడమన్నారు. ఒకరి పేరు చెబితే మరొకరిని విడిచినట్టవుతుంది. అందుకని మన మాష్టార్లకు కూడా మాష్టారనదగ్గ పెద్దాయన గురించి చెబుతాను. ఆయన మన జిల్లావారే, గిడుగు రామమూర్తి పంతులుగారు.

ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆయన పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. కానీ ఆయన ముందు బడిపంతులు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, పాఠాలు చెప్పుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. ప్యాసయ్యారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలుండేవారు. వాళ్ల భాషకు రాత లేదు, వాళ్ల పిల్లలకు బడి లేదు. పంతులుగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయన్ను ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర సవర నేర్చుకున్నారు. అంటే ముందు తానే శిష్యుడయ్యారు. తర్వాత సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. అడవుల్లో కాలినడకన తిరిగితే విషజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల జీవితాంతం చెవుడు మిగిలింది.

ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారట.

1911లో ఉద్యోగం విరమించారు. అప్పటికి యాభై నిండలేదు. ఆ తర్వాత దాదాపు 29 ఏళ్లు బతికారు, ఒక్క ఏడాదీ ఊరికే కూర్చోలేదు. వాడుక భాష కోసం ఊరూరా సభల్లో వాదించారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, డెబ్బై అయిదేళ్లు దగ్గర పడ్డాక 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరితే, ఆ వయసులో ఇల్లు విడిచి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూయడానికి వారం ముందు కూడా పత్రికల వాళ్లను కూర్చోబెట్టి వాడుక భాష గురించే మాట్లాడారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాకొక బాకీ ఉంది. ఆరో తరగతిలో నా పక్కన సీతంపేట కొండల నుంచి వచ్చిన ఒక సవర కుర్రాడు కూర్చునేవాడు. వాడు తెలుగు వాచకం పైకి చదివితే మేం నవ్వేవాళ్లం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. దసరా సెలవులకు ఇంటికెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదని మేమెవరం అడగలేదు. ఆ నాలుగు నెలల్లో వాడు మా మాట నేర్చుకోవాలని తంటాలు పడ్డాడు. నేను వాడి భాషలో ఒక్క ముక్క నేర్చుకోలేదు.

ఈరోజు కూడా మన బడిలో సవర పిల్లలున్నారు. వెనక బెంచీల్లో ఉన్నారు. నోరు మెదపరు. మొద్దులని కాదు, ఇంట్లో మాట వేరు, పుస్తకంలో మాట వేరు.

స్వర్ణోత్సవ నిధిలో మిగిలిన డబ్బుతో గేటుకు ఆర్చి కట్టిద్దామని కమిటీ అనుకుంటోంది. నా మనవి ఒకటే. ఆర్చి వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. సవరా తెలుగూ రెండూ వచ్చిన ఒకరిని సాయంత్రాలు ఈ పిల్లల కోసం పెడదాం. జీతం మనం ఇద్దాం. రిటైరైన మాష్టార్లు ఓపికున్నవాళ్లు వారానికి రెండు పూటలు రండి. శాలువా కప్పి మిమ్మల్ని ఇంటికి పంపేయడం మాకిష్టం లేదు, మీతో ఇంకా పనుంది.

మంగళవారం, శుక్రవారం నేనొస్తాను. ముందు పాఠం చెప్పడానికి కాదు, ఆ పిల్లల దగ్గర నాలుగు మాటలు నేర్చుకోవడానికి. యాభై ఏళ్లు ఆలస్యమైంది.

సెలవు.