మాస్టారి ముఖం

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంజనీరును కాబట్టి ప్రాజెక్టుల గురించి మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను ఒక కండక్టర్ గురించి చెబుతాను. ఆర్టీసీ కండక్టర్ కాదు, ఆర్కెస్ట్రా కండక్టర్. పేరు లియోనార్డ్ బెర్న్‌స్టైన్. అమెరికా ఆయన. 1918లో పుట్టి 1990లో పోయారు.

కొన్నేళ్ల కిందట నా దగ్గర పనిచేసే కుర్ర ఇంజనీరు ఉద్యోగం మానేశాడు. వెళ్తూ ఒక్క మాటన్నాడు: "మీరు డ్రాయింగులు చూస్తారు సార్, మమ్మల్ని చూడరు." కోపం వచ్చింది. ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఈ ఫిలింలు చూపించింది.

సింఫనీలో వంద మంది దాకా వాయిస్తారు. చప్పుడు చేయనివాడు కండక్టర్ ఒక్కడే. హాల్లో కూర్చున్నవాళ్లకు ఆయన వీపే కనిపిస్తుంది. 1970లలో గుస్తావ్ మాలర్ సింఫనీలను బెర్న్‌స్టైన్ నడిపిస్తుండగా హంఫ్రీ బర్టన్ దర్శకత్వంలో ఫిలింలుగా తీశారు. వాయించేవాళ్లు మాత్రమే చూసే ముఖాన్ని ఆ కెమెరాలు మనకూ చూపించాయి.

1973లో ఇంగ్లండ్‌లోని ఈలీ కెథీడ్రల్‌లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో తీసిన రెండో సింఫనీ చూడండి. మాలర్ దాన్ని 1894లో పూర్తిచేశాడు. చావుతో మొదలై పునరుత్థానంతో ముగుస్తుంది. కోరస్ గంటకు పైగా ఊరికే కూర్చుని, చివరి భాగంలో వినీ వినపడనంత మెల్లగా అందుకుంటుంది. అప్పుడు బెర్న్‌స్టైన్ ముఖం చూడాలి. పాడేది వాళ్లు, బతికేది ఆయన అన్నట్టు ఉంటుంది.

ఆయన సాధు జీవి ఏమీ కాదు. వియన్నా ఫిల్హార్మోనిక్ రిహార్సల్ ఫిలింలో వాళ్లను గట్టిగా కోప్పడ్డారు. 1898 నుంచి 1901 దాకా ఆ ఆర్కెస్ట్రాకు మాలరే సారథి. యూదుడిగా పుట్టాడని నాజీల కాలంలో ఆయన సంగీతాన్ని నిషేధించారు. తర్వాత కూడా ఆ సంగీతం వాళ్ల చేతికి అంతగా అలవాటు కాలేదు. బెర్న్‌స్టైన్ కూడా యూదుడే. స్వరాలు సరిగానే వస్తున్నాయి, మాలరే రావడం లేదన్నది ఆయన బాధ. తిట్టినా చూపు మాత్రం వాళ్ల మీదే. నేనూ తిట్టాను, కానీ కాగితాల్లోంచి తల ఎత్తకుండా.

కళ్లు మూసుకుని నడిపించిన కరాయన్ ఫిలింలూ చూశాను. అదీ మహా సంగీతమే. అయితే నా తప్పు నాకు తెలిసింది కళ్లు తెరుచుకున్న ఈయన దగ్గర.

ఒక ఫిలింలో హైడన్ 88వ సింఫనీ చివరి భాగాన్ని బెర్న్‌స్టైన్ చేతులు దించేసి కేవలం ముఖంతో నడిపిస్తారు. కనుబొమలు, పెదవులు, ఒక చిరునవ్వు, అంతే. అది చూసినప్పుడు నాకు మన తొమ్మిదో తరగతి గది గుర్తొచ్చింది.

ఆ రోజు ఇన్‌స్పెక్షన్. లెక్కల మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. లెక్క మధ్యలో స్టెప్పు మరిచిపోయాను. చెమటలు పట్టాయి. మాస్టారు మొదటి బెంచీ ముందు నా వైపు తిరిగి నిలబడ్డారు. ఒక్క మాట చెప్పలేదు. కుడి కనుబొమ కొంచెం పైకి లేపారు. నాకు స్టెప్పు అందింది. వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టరు గారికి మాస్టారి వీపు, నా జవాబు తప్ప ఏమీ కనిపించలేదు. "వెరీ గుడ్" అని వెళ్లిపోయారు.

ఈ స్వర్ణోత్సవంలో మన ర్యాంకులు, పదవులు చాలామంది చదివారు. ఊరికి వినిపించేది అదే. ముఖం చూసింది మాత్రం బోర్డు దగ్గర నిలబడ్డ మనమే. నేను చూసి కూడా ముప్పై ఏళ్లు మరిచాను.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "పర్లేదు సార్" అన్నాడు. తిరిగి రాలేదు. ఇప్పుడు రివ్యూలో ముందు మనుషుల్ని చూసి, తర్వాతే డ్రాయింగు తెరుస్తున్నాను.

మాస్టారు ఇవాళ మొదటి వరసలోనే కూర్చున్నారు. మీకు ఆయన వీపే కనిపిస్తోంది. నాకు ముఖం కనిపిస్తోంది. ఇందాకే ఆ కుడి కనుబొమ లేచింది. టైమయిందని అర్థం.

సెలవు, మాస్టారూ.