మిరప యెగుమతియు, మన నమ్మకమును



గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరప నేడు చైనా, బంగ్లాదేశముల వఱకు పోవుచున్నది. ధరలో పోటీపడుట మనవారికి వెన్నతో పెట్టిన విద్య. సరకునందలి నమ్మకముతో పోటీపడుట యింకను నేర్వవలసియున్నది.

2003వ సంవత్సరమున ఫ్రాన్సునందు భారతదేశపు కారపుసరకులో సుడాన్-1 అను రంగు బయటపడెను. అది నూనెలకును, మైనములకును వేయు రంగు, తినదగినది కాదు. తోడనే ఐరోపా సమాఖ్య పరీక్షాపత్రము లేని కారమును రానీయమనెను. 2005లో ఇంగ్లండునందు అట్టి పొడి కలిసిన యొక సాసు మూలమున వందలకొలది తినుబండారములను అంగళ్లనుండి తీసివేసిరి. కలిపినవారు కొందఱు, అనుమానమును మోసినవారందఱును.

రంగు కలుపుట వట్టి మోసము. మానవలెనన్న నేడే మానవచ్చును. బూజు అట్లు కాదు. కల్లమున సరిగా నెండని కాయకును, విఱుగకుండుటకై నీళ్లు చల్లి టిక్కీల కెత్తిన కాయకును బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అందు బి-1 రకము కిలోకు 5 మైక్రోగ్రాములు మించినచో ఐరోపావా రొల్లరు. మేమును ఒకప్పు డట్లు చల్లించినవారమే. తూకము కలిసివచ్చినదని సంతసించితిమి. సరకు రేవునుండి తిరిగివచ్చిననాడు అసలు లెక్క తెలిసినది.

కావున పట్టలు పఱచి యెండబెట్టి, తాలును వేఱుచేసి తెచ్చు రైతునకు క్వింటాలుకు కొంత హెచ్చిచ్చి కొనుడని మిల్లులవారిని వేడుచున్నాము. తేమను కొలుచు చిన్నయంత్రము తమ మిల్లులో నున్నవారెందఱో, ఈ సభలోనే చేతులెత్తి చూపగోరెదము.