వెండియాకుల విష్ణుక్రాంత



నందికొండ కడ కృష్ణానదికి ఆనకట్ట కట్టుటకై 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. నది చెంతనే యున్నను, మన గుట్టలన్నిటికిని చెలకలన్నిటికిని ఆ నీరు ఎక్కదు. అట్టి మెట్టనేలలో వానచినుకునే నమ్ముకొని ప్రాకు విష్ణుక్రాంతను గూర్చి నేడు మనవి చేసెదను.

దాని యాకును చేతబట్టి చూడుడు. పట్టువంటి సన్నని నూగు కప్పియుండును. వెండివలె మెరయునది ఆ నూగే. అది ఎండను కొంత వెనుకకు మరల్చి, వడగాలిని ఆకునకు సూటిగా తగులనీయక, లోని తేమను కాపాడును. ఎండలో మనము తెల్లని పాగా చుట్టుకొనుట వంటిదే యిది.

ఈ మర్మ మెరిగినచో పెంపకము సులభము. నీరు నిలిచిన వేరు కుళ్లును. నీడ హెచ్చిన తీగ బలహీనమై మెరుగు తగ్గును. కావున అడుగున రంధ్రముగల కుండీలో పెంకులు పరచి, రెండుపాళ్లు చెలకమన్ను, ఒకపాలు ఇసుక, కొంచెము మాగిన పశువుల యెరువు కలిపి నింపవలెను. ముదిరిన విత్తులను ఇసుకతో మెల్లగా రుద్ది, ఒక రాత్రి నానవేసి, తొలకరిలో పైపైన చల్లవలెను. మొక్క నాటుకొనిన పిమ్మట, పైమన్ను వ్రేలెడు లోతు ఆరినప్పుడే నీరు పోయవలెను. ఆ కుండీని ఉట్టిలో నుంచి ఎండ తగులుచోట వ్రేలాడగట్టినచో, తీగలు అంచు దాటి జారును; ఉదయమున చిన్న నీలిపూలు విచ్చును.

పట్టణపు తోటలలో వెండిధారవలె వ్రేలాడు డైకాండ్రా యను తీగయు ఈ కుటుంబములోనిదే. మెక్సికో మొదలగు దేశముల ఎండునేలలు దాని పుట్టినిల్లు. దానికిని ఈ పోషణయే తగును. అయితే కణుపుకణుపున వేరు పోయును గనుక తీగముక్కతోనే పెంచవచ్చును.

ఇక ముఖ్యవిషయము. వినాయకచవితి పూజలోని ఇరువదియొక్క పత్రములలో విష్ణుక్రాంత యొకటి. పత్రికై పిల్లలు దానిని వేరుతో పెరికినచో, ఏండ్ల తరబడి బ్రదుకవలసిన మొక్క ఒక్క దినముతో నశించును, విత్తు రాలదు, మరుసటియేడు ఆ చోట వెదకినను దొరకదు. తీగకొనలు మాత్రమే త్రుంచుటను పిల్లలకు మీరే నేర్పవలెను. ఇంటింట నొక కుండీ యున్నచో చెలకలోని మొక్క చెలకలోనే నిలుచును. పూజయు సాగును, పత్రియు మిగులును.