బాలుర చేతి పుస్తకములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)

 

ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. దానిని నిలిపిన వారిని గూర్చి పెద్దలు ఇదివరకే ప్రసంగించిరి. ఇక బీరువాల సంగతి. అందు పెద్దలు పెద్దలకొరకు వ్రాసిన పుస్తకములు గలవు. పెద్దలు పిల్లలకొరకు వ్రాసిన పుస్తకములును గలవు. పిల్లలు వ్రాసిన పుస్తకము మాత్రము ఒక్కటియు లేదు. ఆ లోటు ఎట్లు తీరునో విచారించుటయే ఈ యుపన్యాసమునకు విషయము.

ఏటేట ఏప్రిలు మాసము చివర బడులకు వేసవి సెలవు లిత్తురు. దానితో ఆ యేటి నోటుపుస్తకముల యాయువును తీరును. కొన్ని పాతకాగితములు కొనువాని తక్కెడ కెక్కును. కొన్ని అంగడిలో పొట్లములగును. పదిమాసములు ఒక బిడ్డ కుదురుగా గూర్చుండి వ్రాసిన వ్రాత తూకమునకు అమ్ముడుపోవుచుండగా ఇంటిలో నెవ్వరును నొచ్చుకొనరు. కారణము స్పష్టము. ఆ వ్రాతలో ఆ బిడ్డ సొంతము మిక్కిలి స్వల్పము. ప్రశ్న నల్లబల్లమీదిది, జవాబు పాఠ్యపుస్తకములోనిది. ముప్పదిమంది పుస్తకములు విప్పి చూచినను వ్రాత ఒక్కటియే.

గ్రామలెక్కలకు ఫసలీ యని యొక సంవత్సరము గలదు. అది జూలై 1వ తేదీన మొదలై జూన్ 30వ తేదీన ముగియును. ఫసలీ ముగియగనే ఏ సర్వే నంబరులో ఏ పైరు పెట్టిరో, ఎంత శిస్తు వసూలయ్యెనో, ఎంత బాకీ నిలిచెనో తేల్చి జమాబందీలో చూపుట పూర్వపు పద్ధతి. మట్టికి ఏటేట లెక్క తేల్చిన గ్రామము, బిడ్డ మనస్సున ఆ యేడు ఏమి పండెనో విచారింపకుండుట న్యాయము కాదు. పరీక్షలు ఆ లెక్క తేల్చుటలేదా యని యడుగవచ్చును. చల్లిన విత్తనము మొలచెనా యని పరీక్ష చూచును. చల్లకయే మొలచిన దానిని గూర్చి అది యడుగదు.

పోతనామాత్యుని భాగవతమున సప్తమస్కంధమందలి ప్రహ్లాదుని చదువు ఎల్లరెరిగినదే. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కుల కడ బాలుడు చదువుచుండెను. ఒకనాడు తండ్రి హిరణ్యకశిపుడు కుమారుని రప్పించి, తొడపై గూర్చుండబెట్టుకొని, నీకు మేలని తోచిన దేదియో చెప్పుమని యడిగెను. ప్రశ్న చక్కనిది. అడిగిన తీరు అంతకంటె చక్కనిది. చిక్కంతయు జవాబుతో వచ్చినది. బాలుడు గురువులు చెప్పిన పాఠము నొప్పజెప్పక తన హృదయములోని మాట చెప్పెను. తండ్రి మొదటిసారి నవ్వి యూరకుండెను. రెండవసారి అదే మాట వినినప్పుడు కోపించి గురుపుత్రునిపై మండిపడెను. ఈ కథయందలి భక్తిమార్గము పెద్దలు వివరింపదగినది. బడిపిల్లల విషయమున మాత్రము ఇందొక నీతి గలదు. బిడ్డను ‘నీకేమి తోచెను?’ అని యడుగువాడు, వినుటకు సిద్ధపడి యడుగవలెను.

ఇటువంటి ప్రశ్నను తరగతి గదిలో నిత్యము అడిగి చూచిన పల్లెటూరి ఉపాధ్యాయుడొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు సెలెస్తిన్ ఫ్రెనే. 1896లో దక్షిణ ఫ్రాన్సులోని కొండగ్రామమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున 1917లో ఊపిరితిత్తికి గాయమయ్యెను. 1920లో బార్-సుర్-లూ అను చిన్నయూరి బడిలో ఉపాధ్యాయుడుగా చేరెను. గాయము కారణముగా ఆయన గంటలకొలది గొంతెత్తి పాఠము చెప్పజాలకుండెను. అందుచే పిల్లలను వెంటబెట్టుకొని పొలములకును, పనివాండ్ర కార్ఖానాలకును పోవుచుండెను. తిరిగివచ్చిన పిమ్మట వారు చూచినదానిని వారి మాటలలోనే నల్లబల్లపై వ్రాయుచుండెను. పిల్లలు ఉత్సాహముతో చదువుచుండిరి. కాని సాయంకాలమునకు ఆ వ్రాత తుడుపుగుడ్డ పాలగుచుండెను.

దాని నెట్లు నిలుపుదునా యని యాలోచించి, 1924లో ఫ్రెనే ఒక చిన్న చేతి అచ్చుయంత్రమును కొని తరగతిలో బెట్టెను. పిల్లలు తమ వ్రాతలను చదివి వినిపింపగా, తరగతియంతయు కూడి ఒకదానిని ఎన్నుకొనును. పిల్లలే సీసపు అక్షరము లొక్కొక్కటి యేర్చి పేర్చి అచ్చు వేయుదురు. అక్షరమును చేతితో పట్టి తలక్రిందులుగా పేర్చువానికి గుణింతము తప్పినచో వెంటనే కంటబడును. అచ్చైన కాగితము తలకొకటి వచ్చును. ఏడాది పొడుగున కూడిన ఆ కాగితముల నన్నిటిని ఒకటిగా కూర్చగా అది ఆ తరగతి జీవనగ్రంథ మగును. తరువాత ఆ బడి పిల్లలకును, దూరమున బ్రిటనీ ప్రాంతమునందలి ఒక బడి పిల్లలకును ఈ కాగితముల రాకపోకలు సాగెను. కొండయూరి మాట సముద్రతీరమునకు, సముద్రతీరపు మాట కొండయూరికి చేరెను. 1927లో బాలుర రచనలతో ‘లా జెర్బ్’ అను పత్రిక వెలువడెను. ఆ పేరునకు ధాన్యపు పన యని యర్థము. కోతకోసి పన కట్టిన చేతులుగల వారికి ఆ పేరులోని యౌచిత్యమును వేరుగ వివరింప నక్కరలేదు.

కాని ఆ కథ సుఖముగా ముగియలేదు. 1928లో ఫ్రెనే సెయిం-పోల్ అను గ్రామమునకు మారెను. అచ్చట ఒక బాలుడు తరగతి పిల్లలందరును గ్రామపు మేయరుపై తిరుగబడినట్లు తాను గన్న కలను వ్రాసెను. 1932లో ఆ వ్రాత ప్రత్యర్థుల చేతబడి గోడపత్రికల కెక్కెను. బిడ్డ కలకు ఉపాధ్యాయుడు జవాబుదారి యయ్యెను. గొడవ ముదిరి ఆయన ఆ బడి విడువవలసివచ్చెను. పిమ్మట భార్య ఎలీజ్‌తో కూడి వాన్స్ పట్టణమున సొంత బడి నెలకొల్పెను. 1966లో మరణించువరకు బాలుని మాటను బాలుని మాటగనే నిలుపవలెనను పట్టు విడువలేదు. బాలుని మాట విని గురువుపై మండిపడు పెద్దలు పురాణములలోనే గాక గ్రామములలోను ఉందురని ఇందువలన తెలియుచున్నది.

తెలుగువారిలో బాలుర మాటకు చోటిచ్చినవారు లేకపోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో పిల్లలచేతనే మాటలాడించి, పాడించి, అన్నయ్య, అక్కయ్య యనిపించుకొనిరి. 1945లో మదరాసునుండి ‘బాల’ పత్రికను వెలువరించిరి. కావున ఈ యాలోచన ఈ నేలకు క్రొత్తది కాదు. గ్రామమున దానిని ఆచరణలో బెట్టుటయే కావలసినది.

అచ్చుయంత్రము లేదని వెనుదీయ నక్కరలేదు. నాలుగు తెల్లకాగితములను ఒకదానిపై నొకటి పేర్చి నడిమికి మడచినచో ఎనిమిది ఆకులు, పదునారు పుటలు వచ్చును. పైన పాత శుభలేఖ యట్టయో, క్యాలెండరు కాగితమో అట్టగా మడువవచ్చును. మడతవెంబడి మూడు రంధ్రములు చేయవలెను. దారమును లోపలినుండి నడిమి రంధ్రమున వెలికి తీసి, పై రంధ్రమున లోనికి దింపి, లోపల పొడుగునను లాగి క్రింది రంధ్రమున వెలికి తీసి, మరల నడిమి రంధ్రమున లోనికి తెచ్చి, పొడుగు కుట్టునకు ఇరువైపుల నున్న రెండు కొసలను ముడివేసినచో పుస్తకము చిరకాలము విడువడదు. బైండింగు పనివారు పురుగు పట్టకుండ పిండిలేయిలో మైలతుత్తము కలుపుట గలదు. అది విషము. పిల్లల చేతికి ఈయరాదు. కుట్టిన పుస్తకమునకు లేయితో అవసరమే లేదు.

ఇక ఏమి వ్రాయవలెను? ఒకటి, రెండు తరగతుల పిల్లలు తమ యింటి వస్తువులతో తమ యక్షరమాలను తామే కూర్చుకొనవచ్చును. కకారమునకు కవ్వము, జకారమునకు జల్లెడ, రకారమునకు రోలు. బొమ్మ వారిదే, మాట వారిదే. మూడవ తరగతివారు అవ్వ నడిగి పొడుపుకథలు సేకరింపవచ్చును. లేదా ఒక వృత్తివాని కడ గూర్చుండి ఆ వృత్తి మాటలను ఏరవచ్చును. కుమ్మరి సారె, సాలెవాని నాడె, వడ్రంగి బాడిస, నాగలికి మేడి, కర్రు, నొగ. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఈ నాగలి మాటలు ముసలివారి నోటనే మిగిలినవి. వారితోడనే అవియు పోవును. ఒక బాలిక పదునారు పుటలలో పదునారు మాటలు బొమ్మలతో నిలిపెనేని అది నిఘంటుకారుడు సైతము మెచ్చదగిన పని.

నాలుగవ తరగతివారు తమ యూరి చెరువును గూర్చి వ్రాయవచ్చును. కట్ట యెంత పొడవో అడుగులతో కొలువవలెను. తూము లెన్ని, అలుగు ఎటువైపు, నీరు ఏ పొలమునకు ముందు పారును, ఏ యేట కట్ట తెగెను అని పెద్దల నడిగి వ్రాయవలెను. ఐదవ తరగతివారు చదివిన పుస్తకమునుండి మరియొక పుస్తకము పుట్టింపవచ్చును. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికయందు మిత్రలాభమున పావురములు వలతోగూడ ఎగిరిపోయిన కథ గలదు. చిత్రగ్రీవుడు ముందు తనవారి బంధములు కొరుకుమని హిరణ్యకుని గోరుటయు అందరెరిగినదే. దానిని సంగ్రహముగా వ్రాయుమన్నచో పిల్లలందరును ఒకేరీతిగ వ్రాయుదురు. వల పోగొట్టుకొని వట్టిచేతులతో నిల్లు చేరిన వేటకాని యింట ఆ రాత్రి యేమి జరిగెనో వ్రాయుమన్నచో ఏ యిద్దరును ఒకటిగా వ్రాయరు. పస్తులెరిగిన బిడ్డ ఒకవిధముగ వ్రాయును, ఎరుగని బిడ్డ మరియొకవిధముగ వ్రాయును. ఆ రెండు పుస్తకములను ఆ యిద్దరును మార్చుకొని చదువుట గొప్ప విద్య.

ఈ కార్యమునకు విఘ్నములు నాలుగు గలవు. మొదటిది పెద్దల ప్రేమ. బిడ్డ పుస్తకము బాగుండవలెనని తండ్రియో, అన్నయో కలము పుచ్చుకొందురు. నేటి కాలమున సెల్‌ఫోను నడిగినను క్షణములో వ్యాసము సిద్ధమగును. అట్టి పుస్తకము కంటికింపుగ నుండును గాని అందు బిడ్డ యుండడు. తప్పులున్నచో ఉపాధ్యాయుడు చిత్తుప్రతియందు చూపవలెను. సాపుప్రతి బిడ్డయే వ్రాసుకొనవలెను. ఇంకను వ్రాతరాని బిడ్డ చెప్పగా తోడి బిడ్డ ఆ మాటలనే వ్రాసిపెట్టవచ్చును.

రెండవది ఖర్చు. కలవారి బిడ్డ రంగుల యచ్చు వేయించి తెచ్చిననాడు కూలివాని బిడ్డ తన పుస్తకమును చొక్కా చాటున దాచుకొనును. అందుచే కాగితము, దారము, అట్ట అందరికిని ఒక్కతీరుగ గ్రంథాలయమే ఈయవలెను. మూడవది బహుమతి. మొదటి, రెండవ, మూడవ బహుమతులు మువ్వురిని సంతోషపెట్టి మిగిలినవారిచేత వ్రాత మాన్పించును.

నాలుగవది అన్నిటికంటె బరువైనది. బిడ్డ నిజము వ్రాయును. తండ్రి రాత్రి ఏ స్థితిలో నిల్లు చేరెనో, అమ్మ ఎందులకు అన్నము తినకుండెనో వ్రాయును. అట్టి పుటను నలుగురిలో చదువుట ఆ బిడ్డకు అపకారము. ఏది బీరువాకు పోవలెను, ఏది తనకడనే యుండవలెను అని బిడ్డ నడిగి నిర్ణయింపవలెను. బిడ్డను దండించుటగాని, ఉపాధ్యాయుని నిందించుటగాని తగదు. పుట బీరువాకు రాకపోవచ్చును. కాని దానిని చదివిన పెద్దవాడు చదువనట్లు నటించుట మాత్రము తగదు. అటువంటి బిడ్డకు తన మాట వినువా రొకరు గలరని ఆ యొక్క పుటవలననే తెలియవచ్చును.

ఇక గ్రంథాలయము చేయవలసిన పని. పిల్లల పుస్తకములను ఉత్సవమునాడు త్రాటికి వ్రేలాడదీసి మరునాడు మూటగట్టుట పని కాదు. తక్కిన పుస్తకములకు వలెనే వీనికిని దాఖలా రిజిస్టరులో నంబరు వేయవలెను. గ్రంథాలయపు ముద్ర కొట్టవలెను. గ్రంథకర్త యనుచోట బిడ్డ పేరు వ్రాయవలెను. చందాదారులకు ఇంటికి ఎరువీయవలెను. ప్రతి పుస్తకమునకును పాఠకుడు దొరకవలెనను భావము 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో నొకటి. పిల్లల పుస్తకమునకు అది మరింత యవసరము. అందులకై పుస్తకపు కడపటి పుటను ఖాళీగా విడువవలెను. చదివినవారు అందు తమ పేరును తేదీని వ్రాయుదురు. ఎనిమిదేండ్ల బాలిక తన పుస్తకము తిరిగి వచ్చినపుడు ఆ పుట విప్పి, వీధిచివరి తాతయు, పాలుపోయు వదినయు తన వ్రాత చదివిరని తెలిసికొనును. మరుసటి యేడు ఆమె మరింత జాగ్రత్తగ వ్రాయును. ఆ జాగ్రత్త మార్కులకొరకు వచ్చునది కాదు.

లెక్క చూచినచో ఏటికి పది పుస్తకములైనను ఇరువదియైదేండ్లకు రెండువందల యేబది యగును. ఒక బీరువాకు చాలును. స్వర్ణోత్సవమునాటికి నేటి ఎనిమిదేండ్ల బిడ్డకు ముప్పదిమూడేండ్లు వచ్చును. ఆనాడు ఆమె తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి రిజిస్టరులో నంబరు చూపి తన పుస్తకమును అడుగవచ్చును. అది అప్పటికి చెదలు తినకుండ, తూకమునకు పోకుండ ఉండవలెను. ఆ పూచీ పాలకవర్గముది.

కావున సభాసదులారా, రాబోవు ఏప్రిలులో బడి మూయుటకు ముందే పిల్లలకు కాగితము, దారము చేర్చవలెను. ఉపాధ్యాయులకు సహకారము నందీయవలెను. తలుపుప్రక్కనున్న బీరువాలో క్రిందియరను, పిల్లల చేతికందునంత యెత్తులో నున్నదానిని, ఈ వారముననే ఖాళీ చేయించి శుభ్రపరుపవలెను.

స్వస్తి.