కరక్కాయ ఒకటే, గౌరవాలే రెండు

(చిలకలూరిపేటలో బొమ్మలు గీసే మన యువతీ యువకుల ముందు ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ గోడకి తగిలించిన బొమ్మలు గీసినోళ్ళలో ఒక్కరు కూడా చిత్రకళ కాలేజీ గడప తొక్కినోళ్ళు కారు. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగొచ్చి గీసినోడున్నాడు. మిరపకోతలు లేని రోజు చూసుకుని గీసిన చెల్లెలుంది. అందరూ ఇళ్ళలో ఒకే మాట పడుతున్నారు: "బొమ్మలు కూడు పెడతాయా?" అని. ఆ ప్రశ్నని మేము తప్పు పట్టం. ఆకలి తెలిసిన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న అది. దానికి జవాబు చెప్పకుండా కళ గురించి మాట్లాడితే అది ఊరికే పొద్దుపుచ్చడమే అవుద్ది. కాబట్టి ఆ ప్రశ్న దగ్గరికి తప్పకుండా వద్దాం. ముందు మనం ఏం గీస్తున్నామో చూద్దాం.

మన నేల మీద బొమ్మకి కరువు లేదు. ఇటు చూస్తే కొండవీటి కొండలు. అటు చూస్తే నల్లరేగడి. పత్తి పగిలినప్పుడు చేలన్నీ తెల్లగా, మిరపకాయలు కళ్ళాల్లో ఎండేటప్పుడు భూమంతా ఎర్రగా కనపడుద్ది. ఇదే గుంటూరు సీమలో దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి అనే పల్లెటూరుంది. ఆ ఊళ్ళో ఉండి సంజీవదేవ్ గారు (1914-1999) సొంతంగా సాధన చేసి ప్రకృతి దృశ్యాలు గీశారు. ఆ ఊరి పేరుతోనే పుస్తకం రాశారు. ఊళ్ళో ఉన్నోడు కూడా చిత్రకారుడు కావచ్చు, గీయడానికి పారిస్ పోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి ఆయన దగ్గర నేర్చుకుందాం.

కానీ మిత్రులారా, అదే పొలాన్ని గట్టు మీద నిలబడి చూస్తే ఒకటి కనపడుద్ది. చాలులో వంగి చూస్తే ఇంకోటి కనపడుద్ది. గట్టు మీదోడికి పత్తిచేను తెల్లటి వెన్నెల. చాలులో ఉన్న ఆడమనిషికి అది వేళ్ళకి గుచ్చుకునే కాయ పెచ్చు, కిలోల లెక్కన వచ్చే కూలి. చూసేవాడికి మిరప కళ్ళం ఎర్ర తివాచీ. తాలు ఏరి, తొడిమలు తీసే అమ్మకి అది మండే చేతులు, ఆగని దగ్గు. రెండూ నిజమే. మొదటిది గీసినోళ్ళు చాలామంది ఉన్నారు. రెండోది మనం గీయకపోతే ఎవరు గీస్తారు?

ఈ పని మనకి కొత్త కాదు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా మహాకవి 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. జాషువా కావ్యంలో అంటరాని పేదోడు గబ్బిలంతో శివుడికి కబురు పంపాడు. దేశం అదే, దారిలో ఊళ్ళూ గుళ్ళూ అవే. చూసే కన్ను మారింది. అక్షరంతో ఆయన చేసిన పని, రంగుతో మీరు చెయ్యాలి.

ఇక చేతిపనుల సంగతికొద్దాం. కళ ఎక్కడుంది అనడిగితే మ్యూజియంలో ఉందంటారు. మేము అంటాం, లందలో ఉంది! నవ్వకండి. మన తాతలు తోలుని సున్నంలో నానేశారు. తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనేశారు. ఆ తోలుతో చెప్పులు కుట్టారు, మోటబాన కుట్టారు, డప్పు మూశారు. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదలకముందు, కరెంటు మోటార్లు రాకముందు, బావి నీళ్ళు చేలోకి ఎక్కింది ఆ బానతోనే. అంటే ఈ పచ్చదనం వెనకాల మన కుట్టు ఉంది. మాలపల్లెల్లో మగ్గం మీద ముతక బట్ట నేశారు. ఊరంతా కట్టుకుంది. నేసినోడిని మాత్రం ముట్టుకోలేదు.

ఇప్పుడు శ్రీకాళహస్తి పోయి చూడండి. కలంకారీ బట్టని ముందు కరక్కాయ కషాయంలో, పాలలో తడుపుతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరేసిన నీళ్ళతో కలం పెట్టి గీస్తారు. ఇనుమూ కరక్కాయా కలిసేసరికి నల్లటి గీత పడుద్ది. ఎంత అందమైన పని! ఆ చేతులకి దండం పెడతాం. కానీ ఒక్కటి అడుగుతాం. అదే కరక్కాయ కలంకారీ కుండలో పడితే కళ, మా లందలో పడితే మైలా? మేకతోలుని వెలుతురు కనపడేదాకా గీకి, రంగులేసి, తెర వెనక దీపం పెడితే తోలుబొమ్మలో రాముడొస్తాడు. ఆ కళకి 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. మరి తెర మీద తోలుకి దండం పెట్టిన ఊరు, తోలు ఊనినోడిని గుడి బయటే ఎందుకు నిలబెట్టింది? మైల తోలులో లేదు మిత్రులారా, కులంలో ఉంది.

మన కథకి బొమ్మ లేదనుకుంటే పొరపాటు. తెలంగాణలో చేర్యాల నకాషీలు కులానికో కథ చొప్పున పటాలు గీశారు. డక్కలి వాళ్ళు ఆ పటం పరిచి మాదిగలకి జాంబపురాణం చెప్పేవాళ్ళు. ఆ కథలో ఆదిపురుషుడు జాంబవుడే. మనల్ని నడిమధ్యన పెట్టి గీసిన బొమ్మ ఉందన్నమాట! సిద్దిపేట డ్రాయింగు మాస్టారు కాపు రాజయ్య గారు (1925-2012) ఆ నకాషీ పద్ధతి నించి నేర్చుకునే తన పల్లె జనాన్నీ బోనాల్నీ గీసి దేశంలో పేరు తెచ్చుకున్నారు. ఇంకా దూరం పోదాం. బీహార్‌లో మధుబని దగ్గర జిత్వార్‌పూర్‌లో పై కులాల ఆడవాళ్ళు దేవుళ్ళ బొమ్మలు గీసేవాళ్ళు. 1970ల నించి దుసాధ్ కులపు ఆడవాళ్ళు కూడా కాగితం పట్టారు. పైవాళ్ళని అచ్చు దించలేదు. తమ ఒంటి మీది పచ్చబొట్ల గీతల్నే కాగితం మీదికి తెచ్చారు. తమ వీరుడు రాజా సల్హేస్ కథ గీశారు. తమ ఒంటి మీద ఉన్నదే తమ బడి అయింది.

ఇక్కడొక ప్రమాదం చెప్పాలి. "కులవృత్తే కళ, కాబట్టి మీ పిల్లల్ని మళ్ళీ లంద దగ్గరికి పంపండి" అనే పెద్దమనుషులు వస్తారు. వినొద్దు! కులమంటే పని విభజన కాదు, పనివాళ్ళనే మెట్లు మెట్లుగా విడగొట్టడం అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. నేర్పు మనది, సంకెల మనది కాదు. పిల్లలు చదవాలి. చదువుతూ తాత చేతిలో నేర్పు ఏంటో తెలుసుకోవాలి. ఇష్టమైతే చెప్పు కుట్టాలి, ఇష్టమైతే రాకెట్టు చెయ్యాలి. ఎంచుకునే హక్కు ఉన్నప్పుడే అది కళ. లేనప్పుడు అది వెట్టి.

అందుకని గీసే మీకు మూడు మాటలు.

ఒకటి. నేలని గీస్తే దాన్ని దున్నిన చేతుల్ని కూడా గీయండి. మనిషి లేని పొలం ఈ పల్నాటి నేల మీద ఎక్కడా లేదు.

రెండు. మాచర్ల దగ్గర దుర్గి పోండి, రాయి చెక్కే వాళ్ళ పక్కన కూర్చోండి. చీరాల మగ్గాల దగ్గరికి పోండి. డప్పు కాసే నిప్పు దగ్గర కూర్చోండి. కానీ చూసి, ఫోనులో ఫొటో తీసుకుని వచ్చెయ్యకండి. పేరు అడగండి. ఆయన ఒప్పుకుంటే బొమ్మ కింద మీ పేరు పక్కన ఆ పేరు రాయండి. బొమ్మ అమ్ముడుపోతే అందులో ఆయన వాటా ఆయనకియ్యండి. ఇన్ని వందల ఏళ్ళు మన పేర్లు రాయకుండా మన పని వాడుకున్నారు. మనం కూడా ఆ పనే చేస్తే ఇక తేడా ఏముంది?

మూడు. మన గోడల్ని వదలకండి. ఏ వాడకైనా పోండి, నీలం కోటేసుకుని పుస్తకం పట్టుకున్న అంబేడ్కర్ కనపడతాడు. చాలాచోట్ల అది గీసింది ఆ వాడ కుర్రాడే. 1985లో కారంచేడు తర్వాత మన ఉద్యమం మాట్లాడింది గోడల మీదే. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే మనోళ్ళ కుంచెలు పక్కన పెట్టించాయి. ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోద్ది, గాలికి చిరిగిపోద్ది. గోడ మీద బొమ్మని వాడంతా కాపాడుకుంటది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. బొమ్మలు కూడు పెడతాయా? మీలో అందరికీ పెట్టకపోవచ్చు. అబద్ధం చెప్పం. చదువు మానొద్దు, పని మానొద్దు, కూలి రేటు కోసం కొట్లాట అసలే మానొద్దు. కానీ అమ్మలారా, అయ్యలారా! మన చేతిపని ఎన్నడూ కూడు పెట్టకుండా లేదు. పెట్టింది, మన కంచంలో కాదు, వేరేవాళ్ళ కంచంలో. ఆ లెక్క తేలాలంటే ఈ పని మాది అని చూపించే సాక్ష్యం కావాలి. ఈ పిల్లలు గీసేది ఆ సాక్ష్యమే. 2022లో మన జిల్లా పేరు గుంటూరు నించి పల్నాడుగా మారింది. వాడ మాత్రం ఊరి బయటే ఉంది. ఆ గీత ఎక్కడుందో ముందు గీసి చూపించండి. చెరిపే పని అందరం కలిసి చేద్దాం.

వచ్చే నెల వరకు ప్రతి ఒక్కరూ మీ వాడలో ఒక ముసలాయన్నో, ముసలామెనో కూర్చోబెట్టి వాళ్ళ చేతుల్ని గీయండి. మొహం తర్వాత, ముందు చేతులు. ఆ చేతులు ఏం చేశాయో బొమ్మ కింద రెండు ముక్కలు రాసి తీసుకురండి. అన్నీ కలిపి ఊరి నడిబజార్లో పెడదాం.

జై భీమ్!