శాన్ పీడ్రో రేవున పుట్టిన పాట



ఒక వాద్యబృందము యొక్క ఉత్థానపతనములను గూర్చి ముచ్చటింపవలెనని యెంచినప్పుడు, ఉత్థానమనగా ధనసంపాదనమనియు, పతనమనగా మదమాత్సర్యములవలన గలుగు విచ్ఛేదమనియు మనకు సహజముగా దోచును. నేడు నేను చెప్పబోవు కథ ఆ రెండు కొలతలకును లొంగునది కాదు. అమెరికా పశ్చిమతీరమున, లాస్ ఏంజిలిస్ నగరపు దక్షిణాగ్రమందున్న శాన్ పీడ్రో అను రేవుపేటలో 1980వ సంవత్సరమున జనించి, 1985 డిసెంబరులో ఒక మిత్రుని మరణముతో నంతరించిన ‘మినిట్‌మెన్’ అను పంక్ బృందపు కథ యిది. మితవ్యయము దారిద్ర్యమునకు చిహ్నము కాదనియు, పరులకు తలయొగ్గక తన పాట తాను పాడుకొనగోరు కళాకారునకు అదియే మూలధనమనియు ఆ ముగ్గురు యువకులు బ్రదికి చూపిరి.

శాన్ పీడ్రో శ్రామికుల పేట. ఓడల సరకు దింపువారును, చేపలు పట్టువారును, నావికోద్యోగుల కుటుంబములవారును అచట కాపురముండిరి. ఆ పేటలోని యొక ఉద్యానమున చెట్టెక్కియున్న డి. బూన్ అను బాలుడు, క్రింద పోవుచున్న మైక్ వాట్‌ను మరియొక స్నేహితుడని భ్రమించి యతని యెదుటికి దుమికెను. ఆ పొరపాటే యెడబాయని మైత్రికి నాంది యయ్యెను. బడి విడిచిన పిదప వీథులలో తిరిగి ఏ జగడమున చిక్కుకొందురోయను భయముచే బూన్ తల్లి వారిరువురను ఇంట గూర్చుండబెట్టి సంగీతమునకు పురికొల్పెను. కుమారుడు గిటారు పట్టగా, అతని స్నేహితుడు బేస్ గిటారు వాయింపవలెనని నిర్ణయించినదియు నామెయే. బేస్ అనగా నాలుగే తంత్రులుగల గిటారని తలచిన వాట్‌కు, దాని తంత్రులు లావనియు, శ్రుతి మంద్రమనియు చాలకాలము తెలియదు. గురువు లేని విద్య గుడ్డివిద్య యందురు. కాని వీరి విషయమున ఆ గుడ్డితనమే కొత్త త్రోవను వెదకించినది.

ఆ కాలమున రాక్ సంగీతము వేలకొలది జనులు పట్టు క్రీడామందిరములలో, దీపకాంతుల నడుమ, ఎత్తైన వేదికలపై ప్రదర్శింపబడుచు, సామాన్యునకు దూరమునుండి చూడదగినదే కాని తానై చేయదగినది కాదను భావమును కలిగించుచుండెను. 1970 దశకపు చివర పంక్ ఉద్యమము ఆ భ్రమను పటాపంచలు చేసెను. పాట వ్రాయుటకు ఎవరి యనుమతియు నక్కరలేదని గ్రహించిన బూన్, వాట్‌లు, తమ పాఠశాలలోనే చదివిన జార్జి హర్లీ డ్రమ్ములు వాయింపగా, స్వంతరచనలకు పూనుకొనిరి. ‘బ్లాక్ ఫ్లాగ్’ బృందనాయకుడైన గ్రెగ్ గిన్ నడపు ఎస్.ఎస్.టి. సంస్థ 1980లో వీరి ‘పారనాయిడ్ టైమ్’ను వెలువరించెను. అందున్నవి ఏడు పాటలు. అన్నియు గలిపి ఏడు నిమిషములైనను లేవు. మరుసటి యేడు వచ్చిన ‘ది పంచ్ లైన్’లో పదునెనిమిది పాటలు పదునైదు నిమిషములలో ముగియును. ఆంగ్లదేశపు ‘వైర్’ బృందమునుండి పల్లవిని పలుమారు తిప్పక, చెప్పదలచినది చెప్పి విరమించుట నేర్చుకొనిరి. అల్పాక్షరముల ననల్పార్థమును నింపుట మనవారు మెచ్చు గుణమే గదా!

ఇక్కడ నొక సూక్ష్మమును మీ యెదుట నుంచుదును. గిటారు మ్రోతలో బేస్ వినబడకపోవుట రాక్ సంగీతమున సామాన్యము. బూన్ తన గిటారు నాదమునుండి మంద్రస్వరములను బుద్ధిపూర్వకముగా తగ్గించి, తారస్థాయి నొక్కదానినే నిలుపుకొని, క్రింది స్థలమంతయు వాట్‌కు విడిచిపెట్టెను. డ్రమ్ములును వెనుకనుండి తాళము వేయుటతో తృప్తినొందక, తక్కిన రెండింటితో సరిసమానముగా సంభాషించెను. మధ్య అమెరికా దేశములలో తమ ప్రభుత్వము చేయు జోక్యమును నిరసించుచు పాటలల్లిన బూన్, సమత్వమును సాహిత్యమున బోధించుటతో నూరకుండక, నాదముననే స్థాపించినాడు. బలవంతుడు తానై కొంత తగ్గి, ప్రక్కవానికి చోటిచ్చుటయే సమత్వమైనచో, దానిని చెవితో వినదలచినవారికి ఈ బృందపు సంగీతముకంటె మంచి యుదాహరణము నేనెరుగను.

వారి జీవనపద్ధతికి వారు పెట్టుకొన్న పేరు ‘ఎకానో’. అద్దె తగ్గు నడిరేయి వేళ స్టూడియోకు పోవుట, ఒకరు వాడిన టేపునే మరల వాడుకొనుట, సామాను తామే మోసికొనుట, తమ వ్యాను తామే నడుపుకొనుచు ఊరూర తిరుగుట వారి నియమములు. రికార్డులను సయితము కచేరీకి జనులను పిలుచు కరపత్రములుగనే యెంచిరి. సోదరబృందమగు ‘హస్కర్ డూ’ రెండు రికార్డుల సంపుటము నొకదానిని సిద్ధపరచెనని విని, మేమును చేయుదుమని యుత్సహించి, నలుబదికి పైగా పాటలతో ‘డబుల్ నికల్స్ ఆన్ ది డైమ్’ను నిర్మించి, 1984లో వెలువరించిరి. దానికైన ఖర్చు సుమారు 1,100 డాలర్లు. ఆ పేరు లారీ డ్రైవర్ల పరిభాష: పదవ నంబరు జాతీయరహదారిపై, ఆనాటి శాసనము విధించిన గంటకు 55 మైళ్ల వేగమున పోవుట యని యర్థము. కారు వేగముగ తోలుటే తిరుగుబాటని యితరులు పాడుచుండగా, మేము బండిని నెమ్మదిగ తోలి సంగీతమున సాహసింతుమని వీరి ప్రత్యుత్తరము. నేడు ఆ సంపుటము ఆ దశకపు ఉత్తమకృతులలో నొకటిగ పరిగణింపబడుచున్నది.

1985 డిసెంబరు 22వ తేదీన, అరిజోనా ఎడారిలో, అదే పదవ నంబరు రహదారిపై, జ్వరముతో వ్యాను వెనుకభాగమున పరుండియున్న బూన్, బండి అదుపుతప్పగా వెలుపలికి విసరివేయబడి మరణించెను. అప్పటికతని వయస్సు ఇరువదియేడు. బృందపు కడపటి సంపుటము వెలువడి కొలది దినములే యయ్యెను. కలహముచే గాని, ధనాశచే గాని, శక్తి సన్నగిల్లుటచే గాని వచ్చిన పతనము కాదది. పాట నడుమ తంత్రి తెగుట.

తక్కిన యిరువురును ఆ బృందపు పేరును వేరొకనితో కొనసాగింపలేదు. శోకముచే బేస్‌ను విడిచిపెట్టిన వాట్‌ను వెదకికొని, ఒహాయోనుండి ఎడ్ క్రాఫర్డ్ అను అభిమాని వచ్చి వాయింపుమని వేడగా, ‘ఫైర్‌హోస్’ అను వేరొక బృందము 1986లో వెలసినది. 1997లో వాట్, ఓడ యంత్రశాలలోని ముగ్గురు నావికుల కథగా తమ మువ్వురి స్నేహమును ఒక దీర్ఘకృతియందు గానము చేసెను. యంత్రశాలలో పనిచేసినవాడు నావికుడైన అతని తండ్రి; ఆ కృతిని వాట్ మిత్రునికి తర్పణముగ విడిచినాడు.

సోదరులారా! ఆ రికార్డులను మీరు వినునప్పుడు ఒక్క విషయమును గమనింపుడు. మిత్రునికై బూన్ విడిచిన మంద్రస్థాయిలో వాట్ నేటికిని వాయించుచున్నాడు. పైన బూన్ నిలిచిన చోటు మాత్రము ఆ పేరుతో మరియెవ్వరికిని ఈయబడలేదు.