కీటకాలను పిలిచే పరిమళం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపూత వాసన పట్టుకొని తేనెటీగలు వచ్చే రోజులివి. పూవు వాసన పంపుతుంది. ఈగ వచ్చి తేనె తాగి, పుప్పొడి మోసుకొని పోతుంది. ఇద్దరికీ లాభమే. అయితే అదే వాసనతో పిలిచి, వచ్చిన అతిథినే ఆరగించే మొక్కలు కొన్ని ఉన్నవి. వాటిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పిల్లలు భయపడనక్కర లేదు. మడగాస్కరులో మనిషిని మింగే చెట్టు ఉన్నదని 1874లో న్యూయార్కు పత్రిక ఒకటి ప్రకటించిన కథ శుద్ధ అబద్ధం. ఆ మరుసటి యేడే, 1875లో, చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కలను గురించి పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో సగానికి పైగా డ్రాసిరా అనే చిన్న మొక్కను గురించే.

డ్రాసిరా మనకు పరాయిది కాదు. ఇండికా, బర్మానై అనే రెండు జాతులు ఆంధ్ర, తెలంగాణ సీమలలోను, మనమున్న ఈ మహారాష్ట్రంలోను కలవు. సారం లేని ఇసుక చెమ్మనేలల్లో మొలుస్తవి. బర్మానై రూపాయి బిళ్ళంత ఉంటుంది, అంతే. ఆకుల నిండా ఎర్రని నూగు. ఒక్కొక్క కొనన ఒక జిగురు బొట్టు. దోమ వాలిందా, అంటుకున్నదే. అంచున ఉన్న నూగు కొద్ది సెకండ్లలోనే వంగి దానిని అదిమి పడుతుంది. ఆ పైన జీర్ణరసం ఊరి, మెత్తని భాగమంతా కరిగిపోయి, డొల్ల మిగులుతుంది. నేల ఇవ్వని నత్రజనిని మొక్క ఈ విధంగా సంపాదించుకుంటున్నది. మాంసపు తునకలు పెట్టిన మొక్కలు పెట్టనివాటి కంటె ఎక్కువ విత్తులు కాస్తవని డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో నిరూపించాడు.

సరే, దోమ ఆ ఆకు మీదికే ఎందుకు రావాలి? ఊరికే వాలుతుందా, వాసనకు వస్తుందా? తనకు తెలియదనే డార్విన్ రాశాడు. వాసనే కావచ్చునని మాత్రం అనుమానించాడు. ఆ అనుమానం తేలడానికి నూరేళ్ళు చాలలేదు. మన ముక్కుకు అందని వాసనలను విడదీసి చూపే యంత్రాలు రావలసి వచ్చింది.

అమెరికాలో వీనస్ బోను అనే మొక్క ఉన్నది. దాని ఆకు పుస్తకం మూసినట్టు మూసుకుంటుంది. ఆ ఆకు పండ్లను, పూలను పోలిన అరవైకి పైగా సువాసన ద్రవ్యాలను వదులుతున్నదని, ఆకలిగొన్న పండ్ల ఈగలు ఆ వాసనకే వస్తున్నవని 2014లో జర్మను శాస్త్రజ్ఞులు చూపారు. పండు లేదు, పూవు లేదు, ఉన్నది ఆకు!

కూజా మొక్కల సంగతి ఇంకా విచిత్రం. బోర్నియో దీవిలోని ఒక జాతికి నేల దగ్గర కొన్ని కూజాలు, పైన తీగకు కొన్ని వ్రేలాడుతవి. పై కూజాలకే తియ్యని పూలవాసన ఎక్కువ. వాటిలో ఎగిరే పురుగులు పడతవి. క్రింది కూజాలలో ముఖ్యంగా చీమలు. మన దేశపు కూజా మొక్క మేఘాలయ కొండలలో ఉన్నది. కేరళలోని పాలోడు పరిశోధకులు 2017లో ఈ జాతి మొక్కలను పరీక్షించి, కూజాల నుండి బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నదని, చీమలు వగైరా దానికి ఆకర్షింపబడుతున్నవని ప్రకటించారు. మనకు వాసనే లేని వాయువది. చీమలు దానిని పసిగట్టగలవు.

ఇక్కడొక చిక్కున్నది. ఈ మొక్కలూ పూస్తవి. పూవుకు పుప్పొడి మోసే ఈగ కావాలి; దానిని ఆకే తినేస్తే వంశం నిలిచేదెట్లా? న్యూజిలాండులో ఒక డ్రాసిరాను పరిశీలించగా, పూవు వాసన వేరు, ఆకు వాసన వేరు అని 2016లో తేలింది. పూవుకు వచ్చే పురుగులు, ఆకుకు చిక్కే పురుగులు చాలమట్టుకు వేరు వేరు. విందుకొక పిలుపు, వేటకొక పిలుపు అన్నమాట.

మన పెరటి కందను వీటిలో చేర్చవద్దు. కంద పూసినప్పుడు కుళ్ళిన మాంసపు కంపు కొట్టి పురుగులను రప్పిస్తుంది. మోసమే గాని, తినదు. పుప్పొడి పని చేయించుకొని వదిలేస్తుంది.

దోమలను వదిలించుకోవచ్చునని ఈ మొక్కలు పెంచబోయేవారికి ఒక మాట. ఇంటి దోమలకు ఇవి ఏమూలకూ చాలవు. ఉప్పదనమున్న బోరు నీళ్ళు పోసినా, ఎరువు వేసినా చస్తవి. మేఘాలయ కూజా మొక్కను తవ్వుకుపోయి అమ్ముకునేవారి వల్ల అది అరుదైపోయి, అంతర్జాతీయ వ్యాపారం నిషేధింపబడిన జాబితాలో చేరింది. మన డ్రాసిరా నేలలనేమో పనికిరాని చవుడని మట్టి పోసి పూడుస్తున్నారు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు, వానలు వెనుకబట్టే కాలంలో, చెరువు వెనుక చెమ్మ ఇసుకలో వంగి చూడండి. ఎర్రగా మెరిసే బొట్లు కనిపిస్తే పిల్లలను పిలిచి చూపండి; పెరకవద్దు.